నేల గూళ్లు, ఊరకుక్కలు

తీరపక్షులు అనే మాట వినగానే సముద్రపు అలల అంచున పరుగులు తీసే పొడుగుకాళ్ల పిట్టలు మనసులో మెదలడం సహజమే గాని, పక్షిశాస్త్రం ఆ పేరుతో వ్యవహరించే వర్గం అంతకంటే చాలా విశాలమైనది. కరాడ్రిఫార్మీస్ అనే ఈ క్రమంలో తీరాన బతికే ప్లోవర్లు, శాండ్‌పైపర్లు, గల్, టెర్న్ పక్షులతో పాటు, ఉప్పునీటి ముఖమే ఎరుగక మెట్టపొలాల్లోనూ రాతిబీళ్లలోనూ పుట్టి అక్కడే బతుకు వెళ్లదీసే పక్షులు కూడా ఉన్నాయి. సముద్రానికి దూరంగా ఉన్న రాయలసీమలో ఊరూరా వినిపించే తీతువు పిట్ట ఈ క్రమానికి చెందినదే. రాత్రివేళ పెద్ద పసుపు కళ్లతో బీళ్లలో తిరిగే స్టోన్ కర్ల్యూ కూడా దానికి దాయాదే. కడప జిల్లా పొదల అడవులకు ప్రపంచఖ్యాతి తెచ్చిన కలివి కోడి కూడా ఈ క్రమంలోనిదే. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం, చెట్టెక్కకుండా నేల మీదనే గుడ్లు పెట్టడం. అమెరికా, ఆస్ట్రేలియా తీరాల్లో పట్టీ విప్పి వదిలిన పెంపుడు కుక్కల నుంచి తీరపక్షుల గూళ్లను ఎలా కాపాడాలన్న ప్రశ్న దశాబ్దాలుగా చర్చలో ఉండగా, అదే ప్రశ్న కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్టనేలల్లో మరింత తీవ్రంగా ఉన్నప్పటికీ దాదాపు ఎవరి దృష్టికీ రాలేదు. అక్కడి కుక్కకు కనీసం ఒక పట్టీ, దానిని పట్టుకునే యజమాని ఉంటారు. ఇక్కడి కుక్కకు చాలా సందర్భాల్లో ఆ రెండూ ఉండవు.

మహానంది క్షేత్రం నల్లమల కొండల పడమటి పాదాల దగ్గర, నంద్యాల పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. కోనేటి ఊటనీటితో పండే అరటితోటలను దాటి కుందూ నది వైపు సాగితే, ఎర్రమల, నల్లమల శ్రేణుల మధ్య పరచుకున్న నల్లరేగడి మైదానం వస్తుంది. కాలువ నీరు అందని చోట గరుసునేలలు, పశువుల బీళ్లు, పంట కోసిన తర్వాత బోసిగా మిగిలిన చేలు కనిపిస్తాయి. రెవెన్యూ లెక్కల్లో బంజరుగా నమోదైన ఈ నేలలు నిజానికి ఎన్నో పక్షులకు పురిటిల్లు. ఎర్ర తీతువు, పచ్చ తీతువు, కౌజు, పూరేడు, వానంపాడి జాతులు ఇక్కడే పొదుగుతాయి. అడవి అంటే చెట్లే అనుకునే అలవాటు వల్ల నల్లమలకు దక్కిన గౌరవం దాని పాదాల దగ్గరి బీడుకు దక్కలేదన్నది ఈ విషయంలో మొదటి చిక్కు. చెట్టు కొడితే కనీసం మొద్దు మిగిలి సాక్ష్యం చెబుతుంది. బీటిలో గూడు పోతే చెప్పేది ఏదీ ఉండదు.

పచ్చ తీతువు గూటిని దగ్గరగా పరిశీలిస్తే ఈ పక్షుల బతుకు ఎంత పలుచని ఏర్పాటు మీద నిలిచి ఉందో అర్థమవుతుంది. కళ్ల ముందు పసుపురంగు తోలు వేలాడే ఈ పిట్ట, ఎండలు ముదురుతున్న మార్చి నుంచి మే వరకు, నేల మీద అరచేతి వెడల్పున ఒక చిన్న గుంట చేసి, దాని చుట్టూ చిన్న రాళ్లు పేర్చి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద ముదురు గోధుమ మచ్చలున్న ఆ గుడ్లు, మొనదేలిన కొసలు లోపలికి తిరిగి ఒకదానికొకటి ఒదిగి ఉంటాయి. ఎక్కడ చూడాలో తెలిసిన మనిషి కూడా రెండడుగుల దూరం నుంచి వాటిని రాళ్ల నుంచి వేరుచేసి గుర్తించలేకపోవచ్చు. నడివేసవి మధ్యాహ్నం సీమలో నేల పైపొర ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, అప్పుడు తల్లి చేసేది వెచ్చదనం ఇవ్వడం కాదు, నీడ పట్టడం. అది గుడ్ల మీద నిలబడి తన ఒంటితోనే నీడనిస్తుంది. దగ్గర్లోని నీటి మడుగుకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి ఆ తేమతో గుడ్లను చల్లబరుస్తుంది. తల్లీతండ్రీ వంతులవారీగా దాదాపు నాలుగు వారాల పాటు ఈ పని చేస్తాయి. అంటే ఈ గూటికి శత్రువు నోటితో తాకవలసిన అవసరం కూడా లేదు. ఎండ మండే వేళ పిట్టను లేపి కాసేపు తిరిగి రానివ్వకుండా చేస్తే చాలు, గుడ్డులోని ప్రాణం ఉడికిపోతుంది.

ఇంత బహిరంగంగా గూడు పెట్టే పక్షులు లక్షల ఏళ్లుగా నిలదొక్కుకుని వచ్చాయంటే వాటికి తమవైన రక్షణలు ఉన్నాయనే అర్థం. గుడ్ల రంగు కంటిని మోసగిస్తుంది. పిల్లలు గుడ్డులోంచి వెలువడిన కొద్ది గంటల్లోనే నడవగలుగుతాయి. తల్లి హెచ్చరిక కూత వినగానే ఎక్కడివక్కడ నేలకు అంటుకుపోయి కదలకుండా ఉండిపోతాయి. శత్రువు మరీ దగ్గరికి వస్తే తల్లి రెక్క విరిగినట్లు నటిస్తూ నేల మీద ఈడ్చుకుంటూ పోయి, దానిని గూటికి దూరంగా తీసుకువెళుతుంది. ఊరి శివార్లలో అర్ధరాత్రి తీతువు కూస్తే కీడు జరుగుతుందని పల్లెల్లో ఒక నమ్మకం బలంగా ఉంది గాని, ఆ కూతలో వినిపించేది చాలాసార్లు దాని గూటి మీదికి ఎవరో వస్తున్నారన్న భయమే. కీడు జరగబోయేది ఊరికి కాదు, దానికి.

వాసన విషయంలో కూడా ఈ పక్షులకు ఒక ఏర్పాటు ఉండడం ఆశ్చర్యకరం. పక్షులు తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి మైనం వంటి పదార్థాన్ని ముక్కుతో తీసి ఈకలకు పూసుకుంటాయి. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు కొన్ని శాండ్‌పైపర్ జాతుల్లో ఈ మైనాన్ని పరిశీలించి, పొదిగే కాలంలో దాని రసాయన నిర్మాణం మారి, గాలిలోకి తక్కువగా ఆవిరయ్యే రకం తయారవుతున్నదని గుర్తించారు. శిక్షణ పొందిన కుక్కతో పరీక్ష జరిపినప్పుడు, మామూలు కాలపు మైనాన్ని పసికట్టినంత సులువుగా ఈ పొదుగుకాలపు మైనాన్ని అది పసికట్టలేకపోయిందని 2005లో ప్రచురించారు. నక్క, తోడేలు వంటి వేటజంతువుల ముక్కును తప్పించుకోవడానికి ప్రకృతిలో రూపొందిన ఏర్పాటుగా వారు దీనిని భావించారు. అయితే ఈ రక్షణలన్నీ అప్పుడప్పుడు, ఒంటరిగా, ఆకలితో ఆ దారిన పోయే వేటజంతువును ఉద్దేశించి ఏర్పడినవి. రోజూ నాలుగైదు కలిసి, ఒకే బీటిని మళ్లీ మళ్లీ కలియదిరిగే కుక్కల గుంపు ముందు ఇవి నిలవవు. ఒక కుక్క రెక్క విరిగిన నటనకు మోసపోయి తల్లి వెంట పరుగెత్తినా, వెనకనున్న రెండోది గూటి మీదనుంచే నడిచి పోతుంది.

అసలు సమస్య కుక్క స్వభావంలో కంటే దాని తిండిలో ఉందన్న విషయాన్ని ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి. అడవిలో వేటజంతువుల సంఖ్యను వేట దొరకడమే నిర్ణయిస్తుంది: కుందేళ్లు తగ్గితే గుంటనక్కలు తగ్గుతాయి, గుంటనక్కలు తగ్గితే నేలగూళ్లు కోలుకుంటాయి, ఈ ఎత్తుపల్లాల మధ్య ఏ జాతీ పూర్తిగా తుడిచిపెట్టుకుపోకుండా నడుస్తుంది. ఊరకుక్కకు ఈ లెక్క వర్తించదు. దాని పొట్ట నింపేది ఊరి చెత్తకుప్ప, హోటల్ వెనక పారబోసిన అన్నం, కోళ్ల దుకాణాల వ్యర్థాలు, ఊరి బయట పడవేసిన పశువుల కళేబరాలు. తిండి ఊరిలో ఖాయంగా దొరుకుతుంది కాబట్టి, చుట్టుపక్కల పిట్టలు ఎంత తగ్గినా కుక్కలు తగ్గవు. ఆకలి లేకపోయినా వేటాడే బుద్ధి పోదు కాబట్టి, మిగిలిన చివరి గూటి వరకు అవి తిరుగుతూనే ఉంటాయి. మనిషి పోషణలో పెరిగిన వేటజంతువు అని పర్యావరణ శాస్త్రం దీనిని వర్ణిస్తుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కల సంఖ్య 1 కోటి 53 లక్షలు. ఇంత పెద్ద సంఖ్యలో మరే పెద్ద మాంసాహార జంతువూ భారతదేశపు నేల మీద తిరగడం లేదని చెప్పవచ్చు.

మహానంది, అహోబిలం, శ్రీశైలం వంటి క్షేత్రాలకు ఈ కోణంలో ప్రత్యేక బాధ్యత ఉంది. అవి అడవి అంచున గాని, నడి అడవిలో గాని ఉన్నాయి. మహానంది, శ్రీశైలంలలో శివరాత్రి ఉత్సవాలకు జనం పెద్ద ఎత్తున వస్తారు. అన్నదాన సత్రాల వెనక, బస్సులు ఆగే చోట, తోటల నీడన యాత్రికులు భోంచేసి లేచిన చోట విస్తళ్లు, మిగిలిన అన్నం పోగుపడతాయి. శివరాత్రి మాఘమాసంలో వస్తుంది. తీతువులు గూళ్లు కట్టడం మొదలయ్యేది ఆ వెనువెంటనే. తిండి దండిగా దొరికి కుక్కలు ఒకచోట చేరిన తరుణంలోనే పక్షులు నేల మీద కూర్చుంటాయన్న మాట. ఎంగిలి విస్తళ్లను అదే రోజు సాయంత్రానికి మూతగల గుంటలోకో ఎరువుల దొడ్డిలోకో చేర్చగలిగితే, అది ఊరి శుభ్రతతో పాటు అడవి అంచు రక్షణ కూడా అవుతుంది. కుక్కలు పోగుపడిన చోటికి వాటి కోసం చిరుతలు దిగివస్తాయన్నది నల్లమల పక్క ఊళ్లవారికి ఎవరూ చెప్పనక్కరలేని విషయం. కాబట్టి ఈ పనిలో పిట్టలకే కాక మనుషులకు కూడా భద్రత ఉంది.

కుక్కలన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. మెట్టపొలాల్లో కనిపించే కుక్కల్లో యజమాని లేనివి కొన్ని, పొలం కాపలాకు రైతు పెంచుకునేవి కొన్ని, గొర్రెల మందల వెంట నడిచేవి కొన్ని. సీమలో కురుబ, గొల్ల కాపరులు మందతో నెలల తరబడి ఊళ్లు తిరుగుతూ, రాత్రిళ్లు రైతు చేలో మంద కట్టి ఎరువు ఇచ్చి బదులుగా ధాన్యమో డబ్బో పుచ్చుకుంటారు. తోడేళ్లు తిరిగే ఈ ప్రాంతంలో కుక్క లేని మంద రాత్రి గడవదు. అటువంటి కాపరిని కుక్కను వదిలెయ్యమనడం అన్యాయం. పగటివేళ మంద మేస్తున్నప్పుడు కుక్కను మంద వెంటే నిలుపుకొమ్మని, గూళ్లున్న బీళ్లలో రెండు మూడు నెలల పాటు మంద కట్టవద్దని అడగడం మాత్రం న్యాయమైన కోరికే. గూడు ఎక్కడుందో అందరికంటే ముందు తెలిసేది కాపరికే కాబట్టి, అతని సహకారం లేకుండా ఈ పని సాగదు కూడా. కొన్ని పల్లెల్లో ఉగాది రోజుల్లో కుక్కలను వెంటబెట్టుకుని కుందేళ్ల వేటకు బయలుదేరే అలవాటు ఇంకా మిగిలి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. అయితే కుందేలు చిక్కినా చిక్కకపోయినా, సరిగ్గా పొదుగుకాలంలో పదుల సంఖ్యలో మనుషులు, కుక్కలు వరుసగా బీటిని గాలించడం వల్ల నేలగూళ్లకు జరిగే నష్టం గురించి ఆ వేటను ఖండించేవారు కూడా ప్రస్తావించరు.

నేలగూడు పక్షి గతి ఏమవుతుందో తెలుసుకోవడానికి సీమవాసులు దూరం వెళ్లనక్కరలేదు. నందికొట్కూరుకు దగ్గరలోని రోళ్లపాడు గడ్డిమైదానం దేశమంతటా పేరు పొందింది బట్టమేక పిట్ట వల్లనే. నిలబడితే సుమారు మీటరు ఎత్తు, మగపిట్ట అయితే 15 కిలోల దాకా బరువు తూగే ఈ పక్షి ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980ల్లో ఇక్కడ మకాం వేసి దాని జీవితాన్ని అధ్యయనం చేశారు. 1988లో సుమారు 6 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. బట్టమేక తీరపక్షుల క్రమానికి చెందినది కాదు గాని, గూటి విషయంలో వాటికంటే నిస్సహాయురాలు. తీతువు నాలుగు గుడ్లు పెడితే, ఇది సాధారణంగా ఏడాదికి ఒకే ఒక గుడ్డు, గడ్డి మధ్య ఉత్త నేల మీద పెడుతుంది. మగపక్షి సాయం లేకుండా ఆడపక్షి ఒక్కతే దాదాపు 27 రోజులు పొదుగుతుంది. ఆ గుడ్డు పోతే ఆ ఏడు పోయినట్టే. పొదిగే పక్షిని కుక్క ఒకసారి లేపితే, కాకికి గుడ్డు చిక్కడానికి ఆ కొద్ది నిమిషాలే చాలు.

రోళ్లపాడులో బట్టమేక దాదాపు కనుమరుగు కావడానికి కుక్కలే కారణమని చెప్పడం సత్యదూరం. అభయారణ్యం చుట్టూ నీటిపారుదల వచ్చి పంటల తీరు మారింది. గడ్డి బీళ్లు చేలుగా మారాయి. మేత ఒత్తిడి, వేట, మనుషుల రాకపోకలు పెరిగాయి. దేశంలోని మిగతా చోట్ల విద్యుత్ తీగలకు తగిలి చనిపోవడం ఈ పక్షికి ప్రధాన గండమై, 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీగల విషయంలో ఆదేశాలివ్వవలసి వచ్చింది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2011లో దీనిని అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఇప్పుడు మిగిలినవి 150 లోపే, వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారిలో ఉన్నాయి. కానీ ఒక జాతి సంఖ్య వేలల్లో ఉన్నప్పుడు లెక్కలోకి రాని నష్టం, పదుల్లోకి పడిపోయాక ప్రాణాంతకమవుతుంది. జైసల్మేర్‌లో అధికారులు, శాస్త్రజ్ఞులు పొదిగే మైదానాలకు కుక్కలు, నక్కలు దూరలేని కంచెలు వేయించడం ఈ ఎరుకతోనే. రోళ్లపాడుకు ఈ ఎరుక కలిగే నాటికి కాపాడవలసిన గుడ్డే అరుదైపోయింది. ఆ మైదానంలో ఇప్పటికీ కృష్ణజింకలు, తోడేళ్లు, గుంటనక్కలు, తీతువులు ఉన్నాయి. బట్టమేకకు జరిగినది వాటికి జరగకుండా చూసే వ్యవధి ఇంకా ఉంది.

పట్టీ లేని కుక్క ఒక్కటి ఎంత చేయగలదో చెప్పే ఉదాహరణల్లో న్యూజిలాండ్‌లోని వైటాంగి అడవి ఉదంతం అత్యంత విషాదకరమైనది. 1987లో అక్కడ ఒంటరిగా తిరిగిన ఒక జర్మన్ షెపర్డ్ కుక్క, కొన్ని వారాల వ్యవధిలో, సుమారు 900 కివీ పక్షులున్న ఆ అడవిలో దాదాపు 500 పక్షులను చంపి ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. రేడియో పరికరాలు అమర్చిన 24 కివీల్లో 13 దాని నోటపడి చనిపోవడం ఈ అంచనాకు ఆధారం. చంపకుండా కూడా నష్టం జరుగుతుందని ఆస్ట్రేలియాలో సిడ్నీ శివారు అడవుల్లో జరిపిన పరిశోధన చూపింది: పట్టీతో నడిపించిన కుక్కలు వెళ్లిన కాలిబాటల వెంబడి పక్షిజాతుల వైవిధ్యం 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయని 2007లో వెల్లడైంది. భారతదేశానికి సంబంధించి 2018లో ప్రచురితమైన ఒక సర్వేలో, కుక్కల దాడికి గురైనట్లు నివేదించబడిన వన్యజాతులు 80; వాటిలో 31 జాతులు ముప్పులో ఉన్నవిగా ప్రకటితమైనవి, నాలుగు అంతరించే అంచున ఉన్నవి; దాదాపు సగం సంఘటనలు అభయారణ్యాల లోపలో పరిసరాల్లోనో జరిగాయి. వన్యప్రాణులకు అభయారణ్యం సరిహద్దు రాయి ఏ మేరకు రక్షణ ఇస్తుందో ఈ చివరి సంగతి చెబుతున్నది.

నదులు, సముద్రతీరం సంగతి కూడా ఇంతే. ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే స్కిమ్మర్, టెర్న్ పక్షులు చుట్టూ నీరున్న దిబ్బలను ఎంచుకుంటాయి. పై ఆనకట్టల వల్ల గాని, నీటి తోడివేత వల్ల గాని ప్రవాహం తగ్గితే దిబ్బ ఒడ్డుతో కలిసిపోయి, కుక్క కాళ్లు తడవకుండా గూళ్ల మధ్యకు నడిచి వస్తుంది. చంబల్ నదిలో ఇది పదేపదే జరిగిన విషయం. అక్కడ గూళ్లకు కాపలా ఉండడానికి నదీతీర గ్రామస్తులనే నియమించుకున్నారు. ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తుండడంతో, అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకారుల సాయంతో గుడ్లను కంచె వేసిన సంరక్షణ కేంద్రాలకు తరలించి పొదిగిస్తున్నాయి.

విదేశీ తీరాల్లో ఫలితమిచ్చిన పద్ధతులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా దగ్గర కోల్ ఆయిల్ పాయింట్ అనే చోట స్నోయీ ప్లోవర్ అనే చిన్న తీరపక్షి దశాబ్దాలుగా పిల్లలు చేయడం మానేసింది. 2001లో దాని మకాం చుట్టూ ఒక తాడు కట్టి, వచ్చేవారికి విషయం చెప్పడానికి శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలను నిలిపి, కుక్కలకు పట్టీ వేయమని కోరడం మొదలుపెట్టారు. ఆ పక్షులు తిరిగి అక్కడ గూళ్లు పెట్టి పిల్లలను పెంచసాగాయి. ఆ తాడు కుక్కను ఆపేంత బలమైనది కాదు. మనిషిని ఆపి ఆలోచింపజేసేంత బలం దానికి చాలింది. సీమ బీళ్లలో ప్రతి గూటికీ తాడు కట్టడం సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. తీతువు గూడు కనిపించిన రైతు దాని చుట్టూ నాలుగు కంపమండలు అడ్డం పెట్టి, దుక్కి దున్నేటప్పుడు ఆ గజం నేలను వదిలేస్తే, కుక్క కాలికీ గొర్రె గిట్టకూ కొంతవరకు అడ్డు ఏర్పడుతుంది. అయితే కంప మరీ దగ్గరగా, మరీ ఎత్తుగా ఉండకూడదు. పొదిగే పిట్టకు నలువైపులా కనబడకపోతే అది గూడు వదిలేసే ప్రమాదం ఉంది.

కుక్కల సంఖ్య విషయంలో చట్టం ఉంది గాని, అది వీధిని దృష్టిలో పెట్టుకుని రాసినది. 2001 నాటి నిబంధనల స్థానంలో 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు, వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలని స్థానిక సంస్థలను ఆదేశిస్తున్నాయి. పట్టణానికి ఇది మానవీయమైన మార్గమే. విషం పెట్టి చంపడం క్రూరమైనదే కాక నిష్ఫలం కూడా, ఎందుకంటే తిండి మిగిలి ఉన్నంతకాలం చచ్చిన కుక్క స్థానంలోకి పక్క ఊరి కుక్క వచ్చి చేరుతుంది. పైగా ఆ విషం తిన్న కళేబరాన్ని తిని నక్కలు, గద్దలు కూడా చస్తాయి. కాని అభయారణ్యం అంచున పట్టిన కుక్కను ఆపరేషన్ తర్వాత అదే అంచున వదిలితే, అది పిల్లలను కనదు గాని, బతికున్నంత కాలం వేటాడుతూనే ఉంటుంది. అడవి సరిహద్దు గ్రామాల కోసం ఈ నిబంధనలకు వేరే అధ్యాయం రాయవలసిన అవసరం స్పష్టంగా ఉంది. ఈలోగా నగరాలతో పాటు, అసలు నగరాల కంటే ముందే, రోళ్లపాడు, మహానంది, సిద్ధవటం పరిసర పల్లెల్లో ఆపరేషన్లు, టీకాలు జరిపించడం పశుసంవర్ధక శాఖకు అసాధ్యమేమీ కాదు. కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కాబట్టి, దీని ఫలం మొదట దక్కేది పల్లె పిల్లలకే.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మరొక లోటు కూడా ఉంది. అభయారణ్యంలోనూ దానికి ఐదు కిలోమీటర్ల లోపున ఉన్న పశువులకు అంటువ్యాధుల టీకాలు వేయించాలని ఆ చట్టం చెబుతుంది. పశువుల జాబితాలో ఆవు, గేదె, గొర్రె, మేక నుంచి బాతు, కోడి దాకా పేర్లున్నాయి గాని కుక్క పేరు లేదు. కుక్కల నుంచి అడవి జంతువులకు పాకే డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి 2018లో గుజరాత్‌లోని గిర్ సింహాల్లో బయటపడి కలకలం రేపింది. రోళ్లపాడు తోడేళ్లు కూడా కుక్కల జాతికి చెందినవే, అదే వ్యాధికి గురికాగలవే. గూటి కోసం మొదలైన ఆలోచన తోడేలు ప్రాణం దాకా వెళుతుందని దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిన ఉపాయాల్లో చాలా భాగం గూడు కంటికి కనిపిస్తుందన్న భరోసా మీద ఆధారపడినవి. కలివి కోడి విషయంలో ఆ భరోసా కూడా లేదు. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పిట్ట 1900 తర్వాత కనిపించకపోవడంతో అంతరించిందనే అందరూ భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, పిట్టలు పట్టడంలో ఆరితేరిన స్థానికుల సాయంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని తిరిగి కనుగొన్నారు. ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం మళ్లింది. రాత్రివేళ మాత్రమే తిరిగే ఈ పక్షిని వెతకడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిపట్టీలు పరిచి, ఉదయాన్నే వాటి మీద పడిన అడుగుజాడలను చదివేవారు. గుడ్డు విషయానికి వస్తే, స్కాట్లాండ్‌లోని ఎబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో, 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించిన ఒక గుడ్డు బయటపడి, డీఎన్ఏ పరీక్షలో కలివి కోడిదేనని తేలింది. అడవిలో దాని గూటిని వర్ణించిన ఆధునిక పరిశోధకుడు ఒక్కరూ లేరు. అందువల్ల ఈ పిట్ట విషయంలో గూడు దొరికాక కాపలా పెట్టడమనేది కుదరని పని; కలివి, తుమ్మ పొదలు పలుచగా పరచుకున్న ఆ నేల మొత్తాన్నీ గూడుగానే భావించి, దాని అంచున ఉన్న పల్లెల్లో చెత్తకుప్పలను, కోళ్ల వ్యర్థాలను, కళేబరాలను ముందుగా సర్దుబాటు చేసి, పెంపుడు కుక్కలను చీకటి పడ్డాక కట్టేయించి, యజమాని లేనివాటికి ఆపరేషన్లు చేయించడం అటవీశాఖ, పంచాయతీలు, పశుసంవర్ధక శాఖ కలిసి చేయవలసిన పని. ఆ పల్లెలు సంఖ్యలో కొద్దివే, వాటి పేర్లు అటవీశాఖ పటాల్లో ఉన్నవే.